రాయికీ నేలకీ మధ్య వేలెడు

ఆమె అసలు పేరు బడి రిజిస్టరులో ఒకసారి, పెళ్ళి కాగితంలో ఒకసారి రాశారు. ఆ తరవాత దానితో ఎవరికీ పని పడలేదు. చెట్టు కింద నిలబడి, లావుపాటి మోకును రెండు చేతులా పట్టి, పైన కోసిన కొమ్మను నిద్రపోతున్న పసిపిల్లను మంచం మీదికి చేర్చినంత నెమ్మదిగా నేలకు దించుతుంది కాబట్టి అందరికీ మోకమ్మ అయిపోయింది. ఇంటి గోడ మీద పడకుండా, కరెంటు తీగ తెగకుండా, కింద నడిచే మనిషి నెత్తి పగలకుండా కొమ్మ దిగిందంటే అది ఆమె చేతి చలవ.

చెట్ల పని అంటే జనానికి పైకెక్కినవాడే కనిపిస్తాడు. మెడలు వెనక్కి వాల్చి వాణ్ణి చూస్తారు, ఫోటోలు తీస్తారు. కింద మోకు పట్టుకున్న ఆడమనిషి ఎవరి ఫోటోలోనూ పడదు. పడినా సగం భుజమో, ఒక చెప్పో పడుతుంది. కోసిన కొమ్మ ఊగి వచ్చి పైవాడి పక్కటెముకలు విరగ్గొట్టకుండా ఆపేది ఆ సగం భుజమే. ఆ సంగతి పైవాడికి మాత్రం తెలుసు. పైవాడు ఆమె మరిది. మనిషి బక్కపలచన, చెట్టెక్కితే చూపుకు ఆనడు, దిగితే నోరు ఆగదు. ఉడత అని పిలిస్తే పలుకుతాడు. మొగుడిది రంపం పని. రోజంతా రంపం మోత మోసీ మోసీ ఇంటికొచ్చాక మాటలు పొదుపుగా వాడే మనిషి.

ముగ్గురి జట్టు. చేతులున్నాయి, మోకులున్నాయి, రంపాలు రెండున్నాయి. లేనిదల్లా బండి. చెట్టు కోసిన తరవాత కొమ్మల్నీ మొద్దుల్నీ వీధిలో వదిలేసి పోలేరు కదా. బండి కాంట్రాక్టరుది. బండి ఆయనది కాబట్టి పనీ ఆయనదే, పేరూ ఆయనదే, వీళ్ళు ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో చెప్పే నోరూ ఆయనదే.

నాలుగేళ్ళ కిందట ఆ బండినే మోకమ్మ అన్నయ్య నడిపేవాడు. చిన్నపాటి ఆకుపచ్చ టిప్పరు. వెనక తొట్టిని ముందువైపు నుంచి జాకీ పైకెత్తితే సరుకంతా వెనక్కి జారిపోయే రకం. ఒకరోజు మొద్దులు దించుతుంటే, ఎత్తిన తొట్టికీ కింది ఇనప చట్రానికీ మధ్య ఒక కొమ్మ ఇరుక్కుంది. అన్నయ్య ఇంజను ఆపి, దిగి, ఎడమచెయ్యి లోపలికి పెట్టి కొమ్మను లాగుతున్నాడు. తొట్టి దిగింది. విరిగిపడలేదు, దభాలున రాలేదు, ఏ చప్పుడూ లేదు. ఉన్నచోటు నుంచి మెల్లగా, తెలియకుండా దిగి చేతి మీద కూచుంది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

అజాగ్రత్తగా పని చేశాడని కాంట్రాక్టరు కాగితం రాసుకున్నాడు. జాకీలో నూనె కారుతోందని అన్నయ్య అంతకుముందు రెండుసార్లు చెప్పిన మాట ఏ కాగితంలోనూ ఎక్కలేదు. వారం తిరక్కుండా బండికి పసుపురంగు కొట్టించి మళ్ళీ రోడ్డెక్కించాడు. బండికైతే రంగు కొట్టిస్తే సరిపోతుంది. మనిషికి ఏం కొట్టిస్తారు? అన్నయ్య ఆ తరవాత స్టీరింగు ముట్టుకోలేదు. చెల్లెలింటి ముందుగదిలో కూచుని మోకులకు ముడులు వేయడం, రంపాలకు పదును పెట్టడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతోనే.

చెట్ల పనివాళ్ళు ఊరుకోలేదు. నగర పాలక కార్యాలయం మెట్ల మీద రెండేళ్ళపాటు, పనిలేని రోజులన్నీ కూచున్నారు. ఎండకు కూచున్నారు, వానకు కూచున్నారు. లోపలికి పోయే ప్రతి అధికారికీ వాళ్ళను దాటుకుని పోవడం అలవాటైపోయింది. చివరికి కాగితం వచ్చింది. సొంత టిప్పరున్న పనివాళ్ళ జట్టుకు వీధిచెట్ల పని నేరుగా ఇస్తారు. బండిని శుక్రవారం పొద్దున తనిఖీకి తేవాలి. కాంట్రాక్టరు బండ్లకూ అప్పుడే తనిఖీ. ఆ శుక్రవారం తప్పితే మళ్ళీ మూడేళ్ళ దాకా తలుపు మూసినట్టే, అంటే మూడేళ్ళ దాకా కాంట్రాక్టరే దిక్కు.

కాగితం వచ్చింది సోమవారం సాయంత్రం. మంగళవారం పొద్దున్నే నలుగురూ పాత బండ్లు అమ్మే యార్డుకు బయల్దేరారు. అన్నయ్య గేటు దాకా వచ్చి, అక్కడున్న పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"మీరు చూసి రండి. నేనిక్కడ గాలికి కూచుంటా."

గాలి లేదు అక్కడ. 

యార్డులో నేలంతా నూనె తాగి నల్లగా గట్టిపడి ఉంది. రెండు వరసల బండ్లు, ఒక మూల రేకుల షెడ్డు, షెడ్డు లోపల విప్పి పరిచిన ఇంజన్లు. షెడ్డు వెనక ఒక పెద్ద చెట్టు, పోయిన నెల గాలివానకు వేళ్ళు కదిలి, రేకుల మీదికి ఒరిగి నిలబడింది. యార్డు ఆసామి టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. మోకమ్మను చూసీ చూడనట్టు ఆమె మొగుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పండి అన్నా, ఎంత బండి కావాలి?"

మొగుడు చెయ్యెత్తి పెళ్ళాన్ని చూపించాడు. "ఆవిణ్ణి అడగండి."

అప్పటికే ఉడత ఒక బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసేశాడు. నీలంరంగు టిప్పరు. అద్దంలా మెరుస్తోంది. తొట్టికి నాలుగువైపులా ఇనపరేకు మనిషెత్తు లేపి ఉంది.

"వదినా, ఇటు రా. చూడు దీన్ని, పెళ్ళికొడుకులా లేదూ?"

"పెళ్ళికొడుకు నాకెందుకురా, పనివాడు కావాలి."

"ఎంత సరుకు పడుతుందో చూడు. చెట్టంతా ఒకే తడవకి వేసేయొచ్చు."

మోకమ్మ బండి పక్కకు వెళ్ళి చెయ్యి పైకెత్తింది. వేళ్ళు రేకు అంచును అందుకోలేదు. "ఇంత ఎత్తుకి మొద్దు ఎవరు విసురుతారు? నువ్వా, నేనా?"

బండ్లు తయారుచేసేవాళ్ళు గానీ, వాటిని కొనే పెద్దమనుషులు గానీ ఏనాడూ అందులోకి సరుకెత్తి ఉండరు. ఎత్తి ఉంటే, లోకంలోని సగం బండ్లు ఇంకోలా ఉండేవి. భుజానికీ తొట్టి అంచుకీ మధ్య ఎంత దూరముందో ఏ బోర్డు మీదా రాయరు. ఆ దూరాన్ని రోజుకు నూరుసార్లు కొలిచేది భుజమే.

ఆమె చూపు వరస చివరన ఆగింది. అక్కడో బూడిదరంగు టిప్పరు. బానెట్టు సొట్ట. ఒక తలుపు ఎర్రగా ఉంది, వేరే బండి నుంచి తెచ్చి తగిలించినట్టున్నారు. పక్క అద్దాన్ని తీగతో కట్టారు. తొట్టికి మాత్రం నడుము ఎత్తున చెక్క పలకలున్నాయి. కావలసినప్పుడు పైన ఇంకో పలక దోపుకోవచ్చు.

ఉడత పెదవి విరిచాడు. "దీన్ని ఎత్తుకుపోయిన దొంగ కూడా సాయంత్రానికి తెచ్చి ఉన్నచోటే పెట్టేస్తాడు వదినా."

ఆసామి నీలం బండి ఎక్కి మీట లాగాడు. తొట్టి జుయ్యిమంటూ ఆకాశంలోకి లేచింది. "చూశారుగా. వెన్నలా ఉంది జాకీ."

"బరువేసి ఎత్తండి," అంది మోకమ్మ.

"బరువా? ఇక్కడ అందరూ ఖాళీగానే చూసుకుంటారమ్మా."

"కొన్నాక కూడా అందరూ ఖాళీగానే తిప్పుకుంటారా?"

షెడ్డులో మెకానిక్కులు పనాపి ఇటు చూశారు. ఒకడు నవ్వాడు. ఆసామికి ఆ నవ్వు నచ్చలేదు. "బరువంటే నేనెక్కడినుంచి తేవాలి? ఇది యార్డు. ఇసక గుట్ట కాదు."

మోకమ్మ షెడ్డు వైపు గడ్డం ఎత్తింది. "అదుగో, మీ నెత్తిమీదే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఒరిగి ఉంది ఆ చెట్టు?"

ఆసామి టీ తాగడం ఆపాడు. ఆ చెట్టు కింద నెల రోజులుగా మెకానిక్కులు పైకి చూస్తూ పని చేస్తున్నారు. కాంట్రాక్టరుకు మూడుసార్లు కబురు పెట్టాడు. మూడుసార్లూ రేపన్నాడు.

"రేకు మీద ఒక్క గీత పడకుండా దించి పెడతాం," అంది. "దించిన కట్టెను మీ బండ్లలో వేసి చూసుకుంటాం. మాకు నచ్చిన బండికి ఆ పని కూడా ధరలో పడుతుంది. ఒప్పుకుంటే ఇప్పుడే మొదలుపెడతాం."

ఆసామి చెట్టు వైపు చూశాడు, షెడ్డు వైపు చూశాడు, ముగ్గురి వైపూ చూశాడు. "రేకులకేమైనా అయితే?"

"అవదు."

అదీ మోకమ్మ. ఒక్క ముక్కలో చెప్పగలిగినదాన్ని రెండు ముక్కలు చేయదు.

పని మొదలైంది. ఆమె సంచిలో కోడిగుడ్డుకన్నా కాస్త పెద్ద నున్నటి రాయి ఒకటి ఉంటుంది. దానికి సన్నటి తాడు. పైకొమ్మ మీదుగా మోకు వేయాలంటే ముందు ఆ రాయిని విసిరి తాడు దాటించాలి. ఆ తాడు కొసకు మోకు కట్టి లాగాలి. రాయి గాలిలోకి లేచి, ఆమె అనుకున్న కొమ్మ సందులోంచే జారి, ఆమె కాళ్ళ దగ్గరే పడింది. మెకానిక్కులు ముక్కున వేలేసుకున్నారు. ఉడత పైకెక్కాడు. సాయంత్రానికి కొమ్మలన్నీ ఒక్కొక్కటే నేలకు దిగాయి. రేకుల మీద ఆకు పడింది గానీ గీత పడలేదు.

కొమ్మల్ని నీలం బండిలో నింపారు. ఇనపరేకుల్ని దాటి పచ్చటి గుట్ట లేచింది. తొట్టిని సగం ఎత్తించి, ఇంజను ఆపించి, మోకమ్మ విసురురాయి బయటికి తీసింది. ఎత్తిన తొట్టి ముందుమూలకు తాడు కట్టి, రాయి నేలకు సరిగ్గా ఒక్క వేలెడు ఎత్తున వేలాడేలా ముడి బిగించింది. లెక్క తేలికే. తొట్టి ఏ కాస్త దిగినా రాయి నేలను తాకుతుంది. తాకకపోతే తొట్టి నిలిచినట్టు.

అందరూ షెడ్డులో టీ తాగి వచ్చారు. రాయి అలాగే వేలాడుతోంది.

"ఇప్పుడేమంటావు వదినా?" ఉడత రొమ్ము విరుచుకున్నాడు. "పెళ్ళికొడుకు పనివాడు కూడా."

గుట్టను చూసింది, రాయిని చూసింది. అంత సరుకునూ మోసి బండి చలించలేదు. "సరే," అంది మోకమ్మ. ఆసామి రేపు పొద్దున్నే కాగితాలు రాసుకుందామన్నాడు. ఎత్తు రేకుల్ని తరవాత కోయించుకోవచ్చని ఉడత అప్పుడే పథకాలు వేసేశాడు.

ఇంటికొచ్చి మోకమ్మ కుళాయి కింద చేతులు పెట్టింది. వంటగదిలో ఆ కుళాయి పక్కనే ఒక చిన్న సీసాలో నూనె ఉంటుంది. రోజూ చేతులు కడిగాక అరచేతులకు రాసుకుంటే గానీ అన్నం గరిటె పట్టుకోలేదు, అంత మండుతాయి. ఆ సాయంత్రం చేతులు తుడుచుకుని గరిటె అందుకుంది. నలుగురికీ వడ్డించేసింది. వడ్డించాక ఆగిపోయింది.

సీసా ముట్టుకోలేదు. ముట్టుకోవాలని గుర్తే రాలేదు.

అరచేతులు తిప్పి చూసుకుంది. మోకు రోజంతా ఆ చేతుల్లోంచే నడిచింది. అయినా మంట లేదు. అంటే బరువు లేదు. ఆకుల గుబురు ఊరంత కనిపిస్తుంది, దిగేటప్పుడు పిల్లిలా దిగుతుంది. భుజాలు ఊడబెరికేది మూరెడు మొద్దు ముక్క. పదహారేళ్ళుగా చేతులకు తెలిసిన సంగతిని కళ్ళు ఒక్క పచ్చటి గుట్టను చూసి మరిచిపోయాయి.

"ఆ బండి ఇంకా మనం చూడలేదు," అంది.

ఉడత ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "నువ్వే కదా సరే అన్నావు."

"కళ్ళు అన్నాయి. చేతులు ఇంకా అనలేదు. రేపు మొద్దు కోద్దాం. కోసిన ముక్కలు వేసి చూద్దాం."

"ఉన్నది రెండు రోజులు వదినా. అదీ పోతే శుక్రవారం ఏం తోలుకుపోతాం, నీ విసురురాయినా?"

"ఏదో ఒకటి తోలుకుపోవడానికైతే ఇన్నాళ్ళు మెట్ల మీద ఎందుకు కూచున్నాం?" కోపంతో కాదు, మామూలుగానే అంది. "రేపెప్పుడో ఆ తొట్టి కింద ఏదో ఇరుక్కుంటుంది. తీయడానికి నీ చెయ్యే పోతుందిరా."

 గదిలో అవతలి గోడ దగ్గర అన్నయ్య కంచం కింద పెట్టి, రెండు వేళ్ళ చేతిని చొక్కా కిందికి లాక్కున్నాడు. ఆ పూట ఆ ఇంట్లో మరెవరూ వాదించలేదు.

బుధవారం రంపం మోగింది. మొగుడు కాండాన్ని పైనుంచి ముక్కలుగా కోస్తుంటే, మోకమ్మ ఒక్కో ముక్కనూ కిందికి దించింది. నాలుగో ముక్కకే అరచేతులు భగ్గుమన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "ఆఁ, ఇదీ బరువంటే," అనుకుంది. మధ్యాహ్నానికి షెడ్డు మీద ఆకాశం తేటగా కనిపించింది. మెకానిక్కులు నెల తరవాత మొదటిసారి మెడలు దించుకుని పని చేసుకున్నారు.

మొద్దుల్ని నీలం బండిలో వేయడానికే చాలా సేపు పట్టింది. పక్కనుంచి ఎత్తలేక, వెనక తలుపు తెరిచి లోపలికి దొర్లించాల్సి వచ్చింది. సగం పడేసరికే ఉడత చొక్కా పిండుకున్నాడు. "పెళ్ళికొడుక్కి పొగరెక్కువ," అన్నాడు గొణుగుతూ. మొద్దుల గుట్ట నిన్నటి కొమ్మల గుట్టలో నాలుగోవంతు ఎత్తు కూడా లేదు. పైనుంచి మోకులు బిగించి కట్టారు. ఆసామి మీట లాగాడు. తొట్టి ఈసారి జుయ్యిమనలేదు. మూలిగి లేచింది. సగం ఎత్తుకు రాగానే ఇంజను ఆపారు. రాయి కట్టారు. వేలెడు ఖాళీ.

టీ వచ్చింది. ఈసారి షెడ్డులోకి ఎవరూ పోలేదు. బండికి పది అడుగుల దూరంలో గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. బండి కదిలినట్టు లేదు. తొట్టి దిగినట్టు లేదు. చప్పుడు లేదు. ఆసామి ఏదో చెబుతూనే ఉన్నాడు. గ్లాసులు సగమయ్యేసరికి తాడు వదులుగా వంగి, రాయి నేలమీద పడుకుని ఉంది.

గేటు దగ్గర పిట్టగోడ మీద నుంచి అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"అట్లాగే," అన్నాడు.  "ఆ రోజు కూడా అట్లాగే దిగింది. చప్పుడే లేదు."

 ఆసామి గొంతు సవరించుకున్నాడు. "జాకీలో వాషరు పోయినట్టుంది. చిన్న రిపేరు. నాకు తెలియదమ్మా, ఒట్టు. ఖాళీగా ఎత్తితే బాగానే..."

"ఖాళీగా ఎత్తితే ఏదైనా బాగానే ఉంటుంది," అంది మోకమ్మ. జేబురుమాలంత ఎర్రగుడ్డ ఒకటి సంచిలోంచి తీసి, నీలం బండి మీటకు కట్టింది. "ఆ రిపేరు అయ్యాకే ఈ గుడ్డ విప్పండి. ఎవరికైనా చూపిస్తే గుడ్డ ఎందుకు కట్టామో కూడా చెప్పండి."

ఆసామి తలూపాడు. అమ్మేవాడి తలూపు కాదది.

అవే మొద్దులు బూడిదరంగు బండికి మారాయి. నడుము ఎత్తు పలకలు కాబట్టి ఇద్దరు మనుషులు ఒంగి లేచి ఒంగి లేచి చకచకా వేసేశారు. ఉడత రెండో మొద్దుకే భుజం తడుముకుని తొట్టి అంచు వైపు ఒకసారి మర్యాదగా చూశాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. నల్లటి పొగ ఒక ముద్ద కక్కింది. మెకానిక్కులు పందేలు వేసుకుంటున్నారు. తొట్టి సగం లేచింది. ఇంజను ఆగింది. రాయి. వేలెడు.

మోకమ్మ టీ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేకపోయింది. ఈ యార్డులో తమకు పనికొచ్చే ఇంకో టిప్పరు లేదు. రేపటికి ఇంకో యార్డు లేదు. తాడు వదులు కావడం మొదలైతే తన కళ్ళు ముందు పసిగడతాయో లేదో కూడా నమ్మకం లేదు, నిన్న మోసపోయిన కళ్ళు. టీ చల్లారింది. రెండో విడత టీ చెప్పింది ఆసామే.

"అన్నయ్యా," అని పిలిచింది. "ఇట్లా వచ్చి వేలు పెట్టి చూడు."

"ఉడతను చూడమను."

"వాడి వేళ్ళు సన్నం. నీ వేలుతోనే చూడాలి."

అన్నయ్య గేటు దాటాడు. నాలుగేళ్ళలో ఎత్తిన తొట్టికి అంత దగ్గరికి రాలేదు. మధ్యలో ఒకసారి ఆగాడు. ఆమె పిలవలేదు, చెయ్యి చాపలేదు. రాయి వేలాడేది తొట్టికి బయటిపక్కనే, కిందికి దూరాల్సిన పని లేదు. అయినా అతను మోకాళ్ళ మీద కూచునేదాకా ఎంతసేపు పట్టిందో ఆమె చల్లారిన టీకే తెలుసు. ఎడమచెయ్యి చాపాడు. మిగిలిన చూపుడువేలును రాయికీ నేలకూ మధ్య పెట్టాడు.

వేలు నిండుగా పట్టింది.

"ఉంది," అన్నాడు. కాసేపాగి మళ్ళీ పెట్టి చూశాడు. "కట్టినప్పుడు ఎంతుందో అంతే ఉంది."

ఉడత రెండు చేతులూ ఎత్తి బూడిదరంగు బండికి దణ్ణం పెట్టాడు. "దొంగ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తల్లీ."

మోకమ్మ నవ్వలేదు ఇంకా. తొట్టి దించించి, ఖాళీ చేయించి, మొగుణ్ణి బండి కిందికి పంపింది. క్యాబిను వెనక చట్రం మీద పగుళ్ళున్నాయా, అతుకులున్నాయా అని అతను టార్చి వేసి చూశాడు. తొట్టి తిరిగే ఇరుసుల దగ్గర వేలితో గీకి చూశాడు. బయటికొచ్చి బట్టలు దులుపుకుని, ఆ వారంలో తన అన్నిటికన్నా పొడవైన వాక్యం చెప్పాడు. "మొహమే బాలేదు, ఒళ్ళు మాత్రం గట్టిది."

అప్పుడు నవ్వింది మోకమ్మ.

కాగితాలయ్యాయి. బండిని తన డ్రైవరు ఇంటి దాకా తెచ్చి వదులుతాడన్నాడు ఆసామి. ఈసారి ఆమెతోనే మాట్లాడాడు, అక్కా అని. మొగుడికి లైసెన్సు లేదు. ఉడతకు స్కూటరు తప్ప ఏమీ రాదు. అన్నయ్య చెయ్యి చాపాడు.

"తాళం ఇటివ్వండి."

"బావా, గేరు?" అన్నాడు ఉడత, ఆగలేక.

"గేరుకు రెండు వేళ్ళు చాలురా. మిగతా మూడూ ఇన్నాళ్ళూ ఊరికే వెంట వచ్చాయి."

ఒక్కసారి ఆగింది బండి గేటు దగ్గర, ఎగిరెగిరి. రెండోసారి కదిలింది. ఆ తరవాత మళ్ళీ ఆగలేదు.

శుక్రవారం పొద్దున నగర పాలక కార్యాలయం వెనక మైదానంలో బండ్లు బారు తీరాయి. మొదట మోకమ్మ జట్టు బండి. ఆ వెనక కాంట్రాక్టరు టిప్పర్లు మూడు, కడిగి తుడిచినవి. మధ్యది పసుపురంగుది. దాని పక్కన సరుకెత్తే పనివాళ్ళు ఆడామగా పదిమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాంట్రాక్టరు కారు దిగి, బూడిదరంగు బండిని పైనుంచి కింది దాకా చూశాడు.

"మోకమ్మా, బండి కొన్నావా, పాతసామాన్ల కొట్టు కొన్నావా?"

"పాతదే అయ్యా. దీనికి రంగు కొట్టి దాచాల్సిందేమీ లేదు, అందుకని కొట్టలేదు."

కాంట్రాక్టరు వెనక ఎవరో దగ్గారు, నవ్వును దగ్గులో దాచుకుంటూ.

తనిఖీ అధికారి కాగితాలు చూశాడు, దీపాలు చూశాడు, బ్రేకులు చూశాడు. "తొట్టి ఎత్తండి," అన్నాడు. అది యార్డులోని మొద్దుల్నే మళ్ళీ నింపుకుని వచ్చింది. అన్నయ్య మీట లాగాడు. మోకమ్మ రాయి కట్టింది.

"ఇదేంటమ్మా?"

"పావుగంట ఆగండి సార్. అదే చెబుతుంది."

అధికారికి కుతూహలం కలిగింది. ఆగాడు. పావుగంట తరవాత తానే ఒంగి, కళ్ళద్దాలు సర్దుకుని రాయి కింద చూశాడు. చేతిలోని అట్ట మీది కాగితంలో ఏదో రాశాడు, కింద గీత కూడా గీశాడు. "తరవాతి బండి."

కాంట్రాక్టరు డ్రైవరు మీట లాగాడు. ఖాళీ తొట్టి సర్రున లేచింది. అధికారి కలం కాగితం మీద ఆనబోతుండగా, పనివాళ్ళలోంచి ఒక ముసలావిడ, నెత్తికి గుడ్డ చుట్టుకున్నావిడ, గొంతు విప్పింది.

"మా బండికి కూడా ఆ రాయి కట్టండి సారూ. దాని కింద నిలబడేది మేమే కదా."

కాంట్రాక్టరు తల తిప్పి చూశాడు. ఆ చూపుకు ఇన్నేళ్ళూ ఎన్నో గొంతులు మూతబడ్డాయి. ఆవిడ నోరు మూసుకుంది గానీ చూపు దించలేదు. పక్కనున్న మనిషి ఆవిడ దగ్గరికి ఒక అడుగు జరిగాడు. ఇంకొకామె ఇంకో అడుగు.

"ఇవన్నీ రూల్సులో లేవు సార్," అన్నాడు కాంట్రాక్టరు. "రాళ్ళూ తాళ్ళూ..."

"ఉంది సార్," అంది మోకమ్మ. "మూడో పేజీ, పైనుంచి రెండో వరస. తొట్టిని బరువుతో ఎత్తి పరీక్షించాలి అని. బరువుతో అనే ఆ ఒక్క ముక్క కోసం ఒక వానాకాలమంతా మెట్ల మీద తడిశాం. తీసి చదవండి."

అధికారి పేజీలు తిప్పాడు. రెండో వరస దగ్గర వేలు ఆగింది. "మొద్దులున్నాయా?" అని అడిగాడు.

మొద్దుల్ని ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చింది కాంట్రాక్టరు పనివాళ్ళే. ఆయన వద్దనకముందే చేతులు మారిపోయాయి. ముందు పసుపు బండి దగ్గరికే తీసుకుపోయారు, అది వాళ్ళు ఎంచుకున్నదే. తొట్టి మూలిగి సగం లేచింది. మోకమ్మ తాడు కట్టి వెనక్కి జరిగింది. పసుపురంగు ఒకచోట పెచ్చు లేచి, కింద ఆకుపచ్చ కనిపిస్తోంది.

పావుగంట కూడా పట్టలేదు.  అందరూ రాయి వైపే చూస్తుండగా అది తాపీగా, పని ముగించుకున్న మనిషిలా నేలమీద కూచుంది. అన్నయ్య క్యాబిను దిగి వచ్చాడు. మోకాళ్ళ మీద కూచుని, రెండు వేళ్ళ చెయ్యిని అధికారికీ కాంట్రాక్టరుకూ ఇద్దరికీ కనపడేలా చాపాడు. చూపుడువేలు రాయి కిందికి దూర్చబోయాడు.

"వేలు పట్టడం లేదు సార్. రాసుకోండి."

అధికారి ఆ వేలినీ, లేని వేళ్ళనూ చూశాడు. రాసుకున్నాడు. పెద్దక్షరాలతో రాశాడు, పక్కనున్నవాళ్ళు కూడా చదువుకునేలా. బండిని పక్కకు పెట్టమన్నాడు. మోకమ్మ జట్టు కాగితం మీద ముద్ర పడింది. ఉడత దాన్ని రెండు చేతులా పట్టుకుని, తడి ఆరేదాకా ఊదుతూనే ఉన్నాడు.

మోకమ్మ తాడు చుట్టుకుంటుంటే నెత్తిగుడ్డ ముసలావిడ దగ్గరికొచ్చింది.

"మిగతా రెండు బండ్లకీ కట్టాలి. ఆ తాడు ఒకసారి ఇవ్వమ్మాయ్."

"తాడు ఇస్తా, ముడి ఎట్లా వేయాలో కూడా చెబుతా. కానీ రాయి ఎవరిది వాళ్ళ దగ్గర ఉండాలి పిన్నీ. నేను రోజూ మీ పని దగ్గరికి రాను కదా."

నిజమే అనిపించింది వాళ్ళకు. పదిమందీ మైదానంలో నలువైపులా చెదిరి, ఒంగి, నున్నటి రాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే రాయి తీసి, అరచేతిలో ఎగరేసి బరువు చూసుకుంటూ వెనక్కి వస్తున్నారు. చేతుల్లో రాళ్ళతో తనవైపే నడిచొస్తున్న తన పనివాళ్ళను చూసి కాంట్రాక్టరు గబగబా కారెక్కి, అద్దాలు పైకెత్తుకున్నాడు.

వాళ్ళు ఆయన్ను చూడనే లేదు. మోకమ్మ చుట్టూ కూచుని, రాళ్ళకు తాళ్ళు కట్టుకుంటున్నారు.